పుట్టిల్లు గుర్తొచ్చిన రాయి

నా చిన్నప్పుడు అని నేను నోరు తెరిస్తే చాలు, మా ఇంట్లో వాళ్లకు తలా ఒక పని గుర్తొచ్చి లేచిపోతారు. మైపాడు ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం నన్ను పేరు పెట్టి పిలిచిందని చెప్పినదాన్ని కదా, వాళ్ల తప్పేం లేదు. అయితే ఈ కోతలు కోసే విద్య నాకు ఎట్లా అబ్బిందో మాత్రం నిజంగానే చెప్తాను.

ఆ ఎండాకాలం సెలవులకు నెల్లూరులో మా మామ ఇంట్లో ఉన్నాను. మామ రాతిపని మేస్త్రీ. ఊళ్లో పాత మ్యూజియం లోపల సిమెంటు నేల పెచ్చులు లేచిపోతే, దాన్ని తవ్వించి కడప నాపరాయి పరిచే పని ఆయనకు వచ్చింది. మామ వాళ్ల పక్కింటి అక్క అక్కడే పనిచేసేది. అద్దాల బీరువాలు తుడవడం, వచ్చినవాళ్లకు విగ్రహాల సంగతులు చెప్పడం ఆమె పని. పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది. అయినా ఆ హాల్లో తిరుగుతూ ఆమె చెప్తుంటే ఆ కాలు ఎవరికీ కనిపించేది కాదు. నేను రోజంతా ఆమె వెనకే.

మా వైపు జనానికి రాతి దేవుడు కనపడితే మ్యూజియమైనా గుడే. చెప్పులు బయట విడిచి, కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని మరీ లోపలికొచ్చేవాళ్లు. అక్క కూడా అంతే.

మ్యూజియం ఆఫీసరుగారికేమో నేల అద్దంలా మెరవాలని ఆశ. మచ్చుకని గుమ్మం దగ్గర కొన్ని బండలు నున్నగా పాలిష్ పట్టించారు. మర్నాడు పొద్దున అక్క తడికాళ్లతో వాటి మీద అడుగేసి జారింది. బీరువా అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. ముందు చుట్టూ చూసింది, ఎవరైనా చూశారేమోనని. నేను చూశాను.

"ఎవురికీ చెప్పబాకు పాపా. హాలంతా ఇట్లాగే చేస్తే నేనే మానుకుంటాలే. నా కాలు చూపించి అడుక్కోలేను," అనింది.

నా కడుపులో మాట ఎప్పుడు దాగింది గనక? పరిగెత్తుకెళ్లి మామకు చెప్పేశాను. ఆఫీసరుగారికి అక్క కాలు సంగతి చెబుదాం రమ్మని చెయ్యి పట్టి లాగాను. మామ నా చెవి మెలేశాడు. "నువ్వు గమ్మునుండవే. అక్కడ నోరు తెరిచినావంటే సిమెంటు తొట్లో ముంచుతా."

ఆఫీసరుగారి ముందు చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు. "సార్, ఈ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున ఉండింది. కడప పోయి కాపురం పెట్టింది గానీ పుట్టిల్లు ఇక్కడే. పాలిష్ కొడితే దాని చర్మం పలచనైపోతాది. మైపాడు గాలి తగలంగానే పుట్టిల్లు గుర్తొచ్చి బోరున ఏడస్తాది. మీ బీరువాలన్నీ తడిసిపోతాయి."

"రాయి ఏడుస్తుందా మేస్త్రీ?"

"మా ఊరి షావుకారు ఇంట్లో ఏడిసింది సార్. పాపం, వానాకాలమంతా ఇంటిల్లిపాదీ మంచాలెక్కి భోంచేసినారు."

ఆఫీసరుగారు పగలబడి నవ్వారు. నవ్వుతూనే, అవతల గోడ పట్టుకుని నిలబడ్డ అక్క వైపు ఒక్కసారి చూశారు. "రాయిని ఏడిపించడం ఎందుకులే. గనిలోంచి ఎట్లా వచ్చిందో అట్లాగే పరిచెయ్," అన్నారు. ఆయన కథను నమ్మారో, కథ వెనక ఉన్నది చూశారో నాకు ఇప్పటికీ తెలియదు. గుమ్మం దగ్గరి నున్నటి బండలు కూడా ఆ రోజే లేపేశారు.

ఇంటికి నడుస్తూ, నిజం చెప్పినా ఆయన ఒప్పుకునేవాడే కదా అని మామను అడిగాను.

"ఒప్పుకునేవాడే. అప్పుడది ఆ పిల్ల కాలు కోసం వేసిన నేల అయ్యేది. రోజూ దాని మీద తలొంచుకుని నడవాల. ఇప్పుడది రాయి కోసం వేసిన నేల," అన్నాడు.

ఈమధ్య ఆ మ్యూజియంలో మళ్లీ పనులు పెట్టారని తెలిసి, ఎప్పుడో రిటైరైన అక్కను వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్లాను. చెప్పులు విడిచి, చేతికర్రతో ఆ గరుకు బండల మీద నింపాదిగా నడిచింది. ఇంత మంచి రాయికి పాలిష్ ఎందుకు పట్టించలేదోనని అక్కడున్న కుర్ర ఇంజినీరు ఆశ్చర్యపోయాడు. నేను ఊరుకుంటానా? సముద్రం, పుట్టిల్లు, కన్నీళ్లు, అన్నీ ఎత్తుకున్నాను.

అక్క మధ్యలో ఆపింది. "షావుకారోళ్లు మంచాలెక్కి భోంచేసింది వదిలేసినావే!"

ఆ రోజు గోడ దగ్గర ఆమెకు అంతా వినపడిందన్నమాట. ఇన్నేళ్లూ మా మామ కథను చెక్కుచెదరకుండా దాచుకుంది.

కోతలరాణినని నన్ను చూసి నవ్వేవాళ్లను నవ్వనిస్తాను. ఒకరి కష్టాన్ని నలుగురిలో విప్పి చూపించకుండా వాళ్లకు కావలసింది అడగాల్సి వచ్చినప్పుడల్లా, నా దగ్గర ఇప్పటికీ ఒక రాయి ఏడుస్తుంది.