పక్కసీటు బ్రేకు

"...పొగకి వెనకాల వచ్చేవాళ్లు ముక్కులు మూసుకుంటుంటే ఆ నేర్చుకునే పిల్ల తలెక్కడ పెట్టుకోవాలండీ? ఈ కారుని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాను."

"ఇచ్చేసి నువ్వేం చేస్తావు?"

"ఇంట్లో కూర్చుని మీ చొక్కాలకి గుండీలు కుడతాను."

"నువ్వు కుడితే చొక్కాలు వెనక్కొస్తాయి," అన్నాడు దర్జీ, మిషను మీంచి తలెత్తకుండా.

ఆయన భార్య డ్రైవింగ్ నేర్పుతుంది. బ్రేకమ్మ అని శిష్యులు పెట్టిన పేరు. నేర్పే కార్లో పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. పంతొమ్మిదేళ్లుగా ఆవిడ కాలు దాని మీదే. డ్రైవరు వైపు బ్రేకు రబ్బరు ఒకసారి మారింది, ఆవిడ వైపుది మూడుసార్లు. ఎవరి మీదా అరవదు. "స్తంభాన్ని మీరు చూడలేదు గానీ, అది మిమ్మల్ని చూసింది," అంటుంది.

కారు రెండు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు దాటింది. బెల్టు, నీళ్ల గొట్టాలు, బ్రేకు ప్యాడ్లు అన్నీ వేళకి మార్పించింది. ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడు మెకానిక్‌గా పనిచేసే ఆవిడ తమ్ముడు, "పాతబడింది కదక్కా, కాస్త తాగుతుంది. వెయ్యి కిలోమీటర్లకోసారి పావు లీటరు పొయ్యి," అన్నాడు. ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల మీద గీతలు అరిగిపోవడంతో ఆవిడ మీటరు చూసే పోసేది. ఐదు నెలలు గడిచాయి. ఇప్పుడీ పొగ. మరో కారుకి కాలు అలవాటు చేసుకునే ఓపిక తనకి లేదని, ఇది పోతే పాఠాలూ మానేస్తానని ఆవిడ ఎప్పట్నించో అంటున్న మాట.

చివరిసారిగా తమ్ముడికి చూపిద్దామని దర్జీ పట్టుబట్టి, తనూ వెంట వెళ్లాడు.

తమ్ముడు ఆయిలంతా తొట్టిలోకి దించి, కొలత డబ్బాలో పోసి చూశాడు. "నాలుగు లీటర్ల ఆయిల్ పట్టే ఇంజిన్లో ఆరున్నాయి. దీనికి జబ్బేం లేదక్కా, తిండెక్కువై అరగక కక్కుతోంది."

"నువ్వు చెప్పినంతే పోశాను."

దర్జీ గోడ మీది టైర్ల బొమ్మని శ్రద్ధగా చూస్తున్నాడు.

"బావా, అటేం చూస్తావు గానీ ఇటు చూడు."

"ఆదివారం కారు తుడిచాక నేనూ కొంచెం పోస్తున్నాను. మిషను నూనె డబ్బాడు."

"కార్లో మిషను నూనె పోశావా?"

"కారు ఆయిలే. డబ్బా ఒక్కటే మిషనుది."

"పావంగుళం తేడా వస్తే కుట్టు విప్పే మనిషి," అంది బ్రేకమ్మ. "ఒక్క మాట నాతో అనొచ్చుగా."

"స్టీరింగ్ పట్టడం రానివాళ్లు బానెట్ ఎత్తకూడదంటావుగా."

అన్నమాటే. చాలాసార్లు అంది.

"అయినా మీకెందుకంత ఆత్రం?"

"అది ఆగిపోతే నువ్వు గుండీలు కుడతావు."

తమ్ముడు నవ్వుకుంటూ కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు, గీతలున్న కొత్త పుల్ల వేశాడు. వీధి చివరిదాకా పొగ వచ్చింది. మలుపు తిరిగాక తగ్గింది. ఇల్లు చేరేసరికి అద్దంలో వెనక రోడ్డు శుభ్రంగా కనిపించింది.

గేటు ముందు కారాపి, ఆవిడ తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"రేపు పొద్దున ఆరింటికి తయారుగా ఉండండి. ఈ సీట్లో మీరు కూర్చోండి, అటు నేను కూర్చుంటాను."