ముందు ఇచ్చిన అర్జీ

మా టైపు సార్ పోయారు. గురువారం పొద్దున సిరిసిల్ల బస్సులో, కిటికీకి తల ఆనించి కూర్చున్న మనిషి రుద్రంగి దాటాక ఎంత పిలిచినా పలకలేదట. కండక్టరే ఇంటికి ఫోన్ చేశాడు. వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం కోరుట్ల నుంచి అంత దూరం పోయేవారు. దగ్గరున్న జగిత్యాలలో చోటు దొరకలేదు.

ఆ జగిత్యాలలోనే టైపు, తర్వాత కంప్యూటర్ నేర్పి, వయసైపోయాక మా పక్కింట్లో ఉన్నారు. నేనూ ఆయన శిష్యురాలినే. మెత్తని మనిషని రాస్తే పైనుంచి కూడా తప్పు దిద్దుతారు. నోరు కత్తి. తప్పు కొడితే స్కేలు వేళ్ల మీద పడేది. ఇవాళ ఇంట్లో కూర్చుని టైపు పని చేసుకుంటున్నానంటే ఆ స్కేలు పుణ్యమే.

మా ప్రింటర్ మొరాయించినప్పుడల్లా ఆయనే వచ్చేవారు. దాన్ని ఏమీ అనరు, నన్నే తిట్టేవారు.

"మిషిన్ అబద్ధమాడదు బిడ్డా. ముందుగాల కరెంటు సూడు, వైరు సూడు, కాయితం సూడు. గప్పుడు వరుస తెరువు."

వరుసంటే, ప్రింటుకు ఇచ్చిన కాగితాలన్నీ కంప్యూటర్లో ఒకదాని వెనక ఒకటి ఆగి ఉండే చోటు. "ముందుగాల ఇచ్చినోనిదే ముందుగాల అస్తది, దానికి సుట్టరికం లేదు" అనేవారు. అక్కడే ప్రింటింగ్ ఆపే టిక్కు ఒకటి ఉంటుంది. "గా టిక్కు దానంతట అది పడదు. మనిషి చెయ్యి వెడితెనే పడ్తది" అని చూపించిందీ ఆయనే.

పోయిన ఆదివారం పొద్దున మా అమ్మాయి ప్రాజెక్టులో నేను కొట్టిన తప్పులు చూసి, మా అత్తమ్మ ముందే, "నీకు నేర్పిన్నని సెప్పుకోను సిగ్గయితాంది" అన్నారు. ఒళ్లు మండిపోయింది. సాయంత్రం ఆయన పెన్‌డ్రైవ్ పట్టుకుని వస్తుంటే కిటికీలోంచి చూసి, ఆ టిక్కు పెట్టేశాను.

"జగిత్యాల్ల ఒక చోటు ఖాళీ అయ్యిందట బిడ్డా. రేపు ఆఫీసు తెరువంగనే అర్జీ ఇయ్యాలె. దుకాణాలన్ని బందున్నయి."

"ప్రింటర్ ఖరాబైంది సార్."

అర్జీ మాట విన్నాకైనా టిక్కు తీసేయొచ్చు. తీయలేదు.

ఆయన కూర్చుని ప్రింటు ఇచ్చారు. రాలేదు. వాచిన చేతులతో వైరు తడిమారు, కాగితాలు తీసి మళ్లీ పెట్టారు. చివరికి వరుస తెరిచారు. టిక్కు చూశారు. తర్వాత నన్ను చూశారు. ఒక్క తిట్టు తిట్టినా బతికిపోయేదాన్ని. టిక్కు తీయకుండానే మెల్లగా వరుస మూసేసి, "నిజమే బిడ్డా, ఖరాబైంది" అన్నారు.

చేత్తో రాసుకోవచ్చు కదా అంటారు మీరు. ఎన్ని వందల మందికో టైపు నేర్పిన మనిషి. "చేతిరాత అర్జీ సదువకముందే పక్కకు పోతది" అని ఆయన నమ్మకం. రాయలేదు. సోమవారం దుకాణం తెరిచేదాకా ఆగి, ప్రింటు తీసుకుని జగిత్యాల చేరేసరికి ఆ చోటు ఇంకొకరికి పోయింది.

నిన్న ఆయన కూతురు పెద్దకర్మ పత్రికను ఫోన్‌లో పంపింది. "అక్కా, బాపుకు నువ్వంటే పానం. నీ చేతితోనే తియ్యి" అంది.

ఆదివారం నుంచి ప్రింటర్‌ను ముట్టబుద్ధి కాలేదు. ప్రింటు ఇచ్చాను. రాలేదు. కరెంటు చూశాను, వైరు చూశాను, కాగితం చూశాను. వరుస తెరిచాను. నా టిక్కు అలాగే ఉంది. తీసేశాను.

ముందు ఆయన అర్జీ వచ్చింది. ఒక్క తప్పు లేదు. కింద సంతకానికి చోటు వదిలి ఉంది. ఆ చోటును కప్పుతూ ఆయన పెద్దకర్మ పత్రిక వచ్చి పడింది.