బ్యాండ్ సా, మా ఆయన బొటనవేలు

నేను పుట్టు పిరికిదాన్ని. మిక్సీ వేసేటప్పుడు మూతను రెండు చేతులా అదిమిపట్టి మొహం పక్కకు తిప్పుకుంటాను. అలాంటిదాన్ని తీసుకెళ్లి కత్తులు చేసే మనిషికి కట్టబెట్టారు. ఇరవై ఆరేళ్ల కాపురంలో నేను నిశ్చింతగా ఉన్నది ఆయన నిద్రపోతున్నప్పుడు మాత్రమే. ఈ చలికాలం ఆ నిద్రలోనే నాకు అసలు భయం పట్టుకుంది. మా ఆయన కుడిచేతి బొటనవేలికి స్పర్శ పోయింది.

ఆయన పదహారో ఏట ఒక కత్తుల మేస్త్రి దగ్గర పనిలో చేరారు. అక్కడ ఆయనకు పెట్టిన పేరు థర్మామీటరు. కత్తిని సానపడుతుంటే ఉక్కు వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే నీలం తిరుగుతుంది. నీలం తిరిగిన చోట గట్టిదనం పోయి, ఆ కత్తికి ఇక పదును నిలవదు. అందుకే ఆ పనిలో వాళ్లు చేతికి తొడుగులు వేసుకోరు. ఒట్టి వేళ్లతో పట్టుకుని, చురుక్కుమనగానే నీళ్లలో ముంచుతారు. ఈయనకు అందరికంటే ముందు చురుక్కుమనేదట. ఆయన చేతిలో ఒక్క కత్తి కూడా నీలం తిరగలేదని మేస్త్రి పదిమందికీ చెప్పుకునేవాడట. ఆ పేరు ఎవరైనా ఎత్తితే ఈయన ఇప్పటికీ విననట్టు నటిస్తూ మురిసిపోతారు.

పెళ్లయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని సొంతంగా మొదలుపెట్టారు. మాంసం కొట్టువాళ్లకు, చెప్పులు కుట్టేవాళ్లకు, వంటవాళ్లకు కత్తులు చేసేవారు. ఉక్కు పట్టీ మీద కత్తి ఆకారం గీసుకుని చేతి గ్రైండరుతో కోసేవారు. పొద్దస్తమానం చెవులు చిల్లులు పడే రొద. పిడులకు గరుకు కాగితం పట్టడం నా వంతు. మిషన్ల జోలికి నేను పోను. రొద ఉన్నంతసేపూ విసుక్కునేదాన్ని, అది టక్కున ఆగితే మాత్రం చేతిలో ఉన్నది కింద పడేసి షెడ్డులోకి పరుగెత్తేదాన్ని. ఆయన నింపాదిగా మంచినీళ్లు తాగుతూ కనిపించేవారు.

"ఏం, వేళ్లు లెక్కపెట్టడానికి వచ్చావా? పదీ ఉన్నాయి, పో" అనేవారు.

ఈ చలికాలం మొదట్లో మాంసం కొట్టాయన ఒక కత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మేస్త్రీ, ఏమిటిది? రెండు రోజులకే మొద్దుబారిపోతోంది" అన్నాడు. అంచు పొడవునా సన్నగా నీలం మరక. ఈయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఉక్కు మంచిది కాదన్నారు. నెల తిరక్కుండా ఇంకో రెండు కత్తులు వెనక్కి వచ్చాయి. ఆయన మళ్లీ ఉక్కునే తిట్టారు. ఆ తిట్టడంలో మునుపటి ఊపు లేదు.

ఒకరోజు ఆయన పొయ్యి మీది గిన్నెను ఒట్టి చేత్తో దించి, గట్టు మీద పెట్టి, నాతో ఏదో మాట్లాడుతూ నిలబడ్డారు. నేను చూస్తుండగానే ఆయన బొటనవేలి మీద బొబ్బ లేచింది. ఆయన మాట మాత్రం ఆగలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే కుట్టుసూది తెచ్చాను. కట్టుకున్నది చెయ్యదగ్గ పనేనా అది? అయినా చేశాను. బొటనవేలికి కొద్దిగా గుచ్చాను. కదల్లేదు. ఇంకాస్త గుచ్చితే రక్తపు చుక్క పైకి వచ్చింది. ఆయన హాయిగా గురక పెడుతూనే ఉన్నారు. సూది పట్టుకుని వంటింట్లోకి పారిపోయి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

ఆయన్ని అడగలేదు. అడిగితే అవునంటారు. అవునన్నాక మేమిద్దరం ఏం చెయ్యాలి? థర్మామీటరు పాడైపోయిందని ఆయన నోటితోనే చెప్పించే ధైర్యం నాకు లేదు. ఆయన నా దగ్గర దాచారు, నాకు తెలిసిన సంగతి నేను ఆయన దగ్గర దాచాను. రెండు వారాలు ఒకే ఇంట్లో అలా గడిపాం.

అప్పుడు ఆయన ఉన్నట్టుండి, "ఒక బ్యాండ్ సా కొందాం" అన్నారు. "గ్రైండరు అదురుడు చేతులకి మంచిది కాదంటున్నాడు డాక్టరు."

"డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్లారు?"

"వెళ్లలేదు. దారిలో కనిపిస్తేను."

దారిలో కనిపించిన డాక్టరు ఈయన చేతులు ఎందుకు చూశాడో నేను అడగలేదు. మా వీధి చివర వడ్రంగిని పట్టుకుని బ్యాండ్ సా అంటే ఏమిటని అడిగాను. రెండు చక్రాల మీద బెల్టులా తిరిగే పళ్ల రంపమన్నాడు. పడుకున్న రకం ఒకటి, నిలువు రకం ఒకటి ఉంటాయట.

"పడుకున్నదైతే ముక్కని బిగించి మనం దూరంగా నిలబడొచ్చు. నిలువుదైతే చేత్తో తొయ్యాలి. నిదానంగా తిరుగుతోంది కదా అని నమ్మకండి అక్కయ్యా, దానికి ఉక్కూ ఒకటే, వేలూ ఒకటే" అన్నాడు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. ఎలాగైనా పడుకున్నదే కొనిపించాలని నిర్ణయించుకుని ఆయన వెంట మిషన్ల దుకాణానికి బయలుదేరాను. పిడులు చేసేదానికి రంపం బేరంలో పనేమిటని ఆయన అడగలేదు. దాంతో ఇంకా భయం వేసింది.

దుకాణం పొడుగాటి షెడ్డు. కొత్త రంగు వాసన, నూనె వాసన. లోపలికి అడుగుపెట్టగానే పడుకున్న రకం కనిపించింది. "ఇది బాగుందండీ" అన్నాను.

"దేనికి బాగుంది? కడ్డీలు నరుక్కోవడానికి. కత్తికి వంపు ఉంటుంది. ఇది అడ్డంగా తెగ్గొట్టడం తప్ప ఇంకేమీ ఎరగదు."

"వంపులు ఆకురాయితో తీసుకోవచ్చుగా?"

"తీసుకోవచ్చు. రోజుకో కత్తి చేసుకుని, ఇద్దరం దాన్నే తిందాం."

దుకాణదారు చెక్క కోసే నిలువు రంపం చూపించి, బ్లేడు మారిస్తే ఉక్కు కూడా కోస్తుందని నమ్మబలికాడు. ఈయన స్విచ్ వేయించి చూసి నవ్వారు. "ఉక్కుకి ఇంత వేగం పనికిరాదు. నిమిషంలో పళ్లు మాడిపోతాయి. ఉక్కు కోసేది చూపించండి" అన్నారు.

మూడోది అదే. నడుమెత్తు స్టాండు, దాని మీద ఇనప బల్ల, బల్ల మధ్యలోంచి నిలువుగా దిగే సన్నటి బ్లేడు. ఈయన సంచీలోంచి కత్తి ఆకారం గీసిన తన ఉక్కు పట్టీ తీసి, దాని అంచును బ్లేడు పళ్లకు ఆనించి, కళ్లు చికిలించి లెక్కపెట్టారు.

"పట్టీ మందం మీద కనీసం మూడు పళ్లు ఆనాలండీ. ఇక్కడ రెండే ఆనుతున్నాయి. పన్ను కొక్కెంలా తగులుకుని ముక్కని లాగేస్తుంది. దాంతోపాటు చేతినీ లాగుతుంది. సన్నపళ్ల బ్లేడు వెయ్యండి."

దుకాణదారు మారు మాట్లాడకుండా బ్లేడు మార్చాడు. ఇంత తెలిసిన మనిషికి ఏమవుతుందిలే అని ఒక్క క్షణం నా మనసు కుదుటపడింది. దుకాణదారు ఒక చెక్కముక్క అందించి దాంతో తొయ్యమన్నాడు. ఈయన దాన్ని పక్కన పెట్టేశారు.

"చెక్కతో తోస్తే ఉక్కు సంగతి నాకేం తెలుస్తుంది?"

రంపం తిరిగింది. నిజంగానే నిదానంగా, గొణుక్కుంటున్నట్టు తిరిగింది. ఆయన పట్టీని రెండు చేతులా పట్టుకుని, బొటనవేలిని వెనక అంచుకు ఆనించి తోస్తున్నారు. ముప్పై ఏళ్లుగా ఆ వేలితోనే ఉక్కు సంగతి తెలుసుకున్న మనిషి కదా, ఆ వేలు దానంతటదే అక్కడికి చేరింది. సరిగ్గా బ్లేడుకు ఎదురుగా. ఆయన చూపంతా గీత మీదే ఉంది. నా చూపంతా వేలి మీద ఉంది.

బల్ల మీద ఒక ఎర్రటి చుక్క పడింది. తర్వాత ఇంకోటి. తర్వాత చుక్కలు కలిసి చారగా మారాయి. పట్టీ అంచున లేచి ఉన్న పదునైన పెచ్చు ఆయన వేలిని కోసేస్తోంది. ఆయన తోస్తూనే ఉన్నారు. వేలికీ బ్లేడుకీ మధ్య రెండంగుళాలు. అంగుళమున్నర. అంగుళం. ఎలా వెళ్లానో తెలియదు, వెళ్లి మిషన్ ఆపే ఎర్ర బటన్ మీద పిడికిలితో గుద్దాను.

బ్లేడు ఇంకో చుట్టు తిరిగి ఆగింది. వేలు దానికి వెంట్రుకవాసిలో ఉంది.

"ఏమిటే నలుగురిలో ఈ..." అని నా మీదికి ఒంటికాలి మీద లేచిన మనిషి బల్ల మీదికి చూసి ఆగిపోయారు. "ఎవరిదీ రక్తం?" అన్నారు.

"మీదేనండీ."

ఆయన చెయ్యి ఎత్తి, వేరే ఎవరి వేలో చూసినట్టు చూసుకున్నారు. కొస నుంచి కణుపు దాకా చీరుకుపోయి ఉంది. దుకాణదారు గుడ్డ కోసం లోపలికి పరుగెత్తాడు.

"ఎన్నాళ్లయింది నీకు తెలిసి?"

"రెండు వారాలు. సూదితో గుచ్చి చూశాను."

"నిద్రలోనా?"

"ఊ."

"రాక్షసీ" అన్నారు. నవ్వబోయారు గానీ పెదవి మాట వినలేదు. నేను కొంగు చించి వేలికి చుడుతుంటే ఆయన కళ్లు మూసుకున్నారు. నొప్పికి కాదు. నేను ఎంత గట్టిగా బిగించినా ఆయనకు నొప్పి తెలియడంలేదు.

ఇంక పోదాం పదమంటారని ఎదురుచూశాను. రంపం వద్దు, షెడ్డూ వద్దు, ఇంకేదైనా చేసుకుని బతుకుదామంటే ఆ క్షణంలో ఎగిరి గంతేసేదాన్ని. ఆయన మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి దుకాణదారును అడిగారు.

"ఈ స్టాండు ఎత్తు తగ్గించొచ్చా?"

"మీకు సరిగ్గా సరిపోయిందిగా అండీ?"

"నాకు కాదు."

తర్వాత నావైపు తిరిగారు. "ఇలా వచ్చి నిలబడు. మోచెయ్యి మడుచు."

"నేనా? నాకు చేతకాదండీ. నాకు భయం."

"తెలుసు. నాకు భయం పోయి చాలా కాలమైంది. ఏమైందో చూశావుగా."

నేల దగ్గర్నుంచి నా మోచేతి దాకా టేపు పెట్టి కొలిచారు. దుకాణదారు కొలత రాసుకుని, ప్రస్తుతానికి నా కాళ్లకింద ఒక పలక వేశాడు. బల్ల మీది రక్తం తుడిచాడు. మా ఆయన నా జాకెట్టు చేతులు మోచేతుల పైకి మడతపెట్టించి, చెక్కముక్క నా చేతిలో పెట్టారు. నేను స్విచ్ వేశాను.

"గీతకి బయటగా ఉంచు. తొందరేం లేదు. ఏమంటోంది?"

"వణుకుతోందండీ."

"ఉక్కా, నువ్వా?"

"ఇద్దరం."

పళ్లు ఉక్కులోకి దిగాయి. పక్కన ఆయన రెండు చేతులూ పట్టీ దాకా వచ్చి ఆగిపోవడం నాకు కనిపిస్తూనే ఉంది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అలా గాల్లోనే ఉంచి, తర్వాత వెనక్కి కట్టుకున్నారు.