పళ్ళపొడితో తోమిన రాణీగారు

చేతిలో ఫోను లేని ఆ రోజుల్లో, ఆదివారం మధ్యాహ్నం ఎలా గడపాలో తోచక, మా కొవ్వూరు కుర్రాళ్ళు తలా ఒక పిచ్చి పెట్టుకునేవారు. ఒకడికి క్రికెట్టు, ఇంకొకడికి సినిమాలు, మా పక్కింటివాడికి పావురాలు. నాకు పాత నాణేలు. ఈ పిచ్చిలో ఒక సుఖం ఉంది, దానికి మేత వెయ్యక్కర్లేదు. ఒక కష్టమూ ఉంది, చూపిస్తానన్నా చూసేవాళ్ళు దొరకరు. డిగ్రీ గట్టెక్కి అప్పుడప్పుడే రాజమండ్రిలో ఒక మందుల ఏజెన్సీలో గుమాస్తాగా చేరాను. రోజూ రైల్లో వంతెన దాటి వెళ్ళి రావడం. రైలు గోదావరి మీదికి రాగానే జనం కిటికీల్లోంచి చిల్లర విసిరి దణ్ణం పెట్టుకుంటుంటే, అందులో ఏ అరుదైన అణా పోతోందోనని నా గుండె దడదడలాడేది. (నేను కళ్ళు గట్టిగా మూసుకోవడం చూసి, ఈ కాలంలో కూడా ఇంత భక్తి గల కుర్రాడున్నాడని ఒకాయన పక్కవాళ్ళకి నన్ను చూపించాడు.)

నాణేలు సేకరించే ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఒక జబ్బు పట్టుకుంటుంది. నాణెం ఉంటే చాలదు, అది ఎంత గొప్పదో ఎవరైనా పెద్దమనిషి చెప్పాలి. ఆ పని చేసేవాళ్ళు అప్పట్లో రాజమండ్రిలో ఇద్దరు. ఒకరు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన భూతద్దం మాస్టారు. నాణేన్ని కిటికీ దగ్గర పెట్టుకుని పూటంతా చూసేవారు. చూసి, సెల్లోఫేన్ కిటికీ ఉన్న అట్టముక్కలో పెట్టి నాలుగు వైపులా పిన్నులు కొట్టి, అట్ట మీద ఇంగ్లీషులో ‘వెరీ ఫైన్’ అనో ‘ఎక్స్‌ట్రా ఫైన్’ అనో రాసి సంతకం పెట్టేవారు. రెండోవారు వెండి కొట్టున్న త్రాసు షావుకారు. ఆయన చూసేది తక్కువ. తూచడం, బండ మీద మోగించి చెవి పెట్టి వినడం, ఆపైన ప్లాస్టిక్ కవరులో వేసి కొవ్వొత్తి మంట మీద మూతి అతికించి ముద్ర వెయ్యడం. వాళ్ళ నాన్నగారిది బియ్యం మిల్లు కావడంతో ఆయన గ్రేడులన్నీ బియ్యం లెక్కనే ఉండేవి. మేలైనది ‘అక్కుళ్ళు’, తరవాతది ‘సన్నాలు’, అరిగిపోయింది ‘నూక’, ఇక చెప్పుకోనక్కర్లేనిది ‘తవుడు’.

ఒకరి కవరులో ఉన్న నాణేన్ని ఇంకొకరు ముట్టుకునేవారు కాదు. మసి కంపు కొట్టేది నా బల్ల మీద పెట్టకు అనేవారు మాస్టారు. పిన్నుల తుప్పు పట్టింది నాకొద్దు అనేవారు షావుకారు. దాంతో మేం ఒకరి కవరు చించి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టుకుని రెండోవారి దగ్గరికి వెళ్ళేవాళ్ళం. మాస్టారి ‘వెరీ ఫైన్’ మెయిన్ రోడ్డు దాటేసరికి ‘నూక’ అయిపోయేది. షావుకారి ‘అక్కుళ్ళు’ చూసి మాస్టారు పెదవి విరిచేవారు. ఆ ఇద్దరూ ఒకే నాణేన్ని మెచ్చుకున్న దాఖలా లేదు. అలాంటి నాణెం ఒక్కటి నా దగ్గర ఉండాలని నేను పడ్డ తాపత్రయం పరీక్షల మీద పెట్టి ఉంటే మందుల ఏజెన్సీకి బదులు ఏ బ్యాంకులోనో ఉండేవాణ్ణి.

సరిగ్గా ఆ ఏడాది ఆషాఢంలో మా నాయనమ్మ భోషాణానికి చెదలు పట్టాయి. దాన్ని బయటికి లాగి అడుగు చెక్క ఊడదీస్తే, రెండు చెక్కల మధ్య పట్టుగుడ్డ పీలికలో చుట్టి విక్టోరియా రాణీ వెండి రూపాయి బయటపడింది. నాయనమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో, మొదటి వరలక్ష్మీ వ్రతానికి వాళ్ళ నాన్న ఆమె చేతిలో పెట్టిన రూపాయట అది. రెండు మూడు వ్రతాల్లో అమ్మవారి ముందు పెట్టుకుందో లేదో, కనిపించకుండా పోయింది. తోడికోడలే తీసిందని నాయనమ్మ ఆనాడే తీర్మానించి, ఆవిడతో మాటలు మానేసి, ఆవిడ పోయినా ఆ కోపం మాత్రం పోనివ్వలేదు. రూపాయి చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, “అయితే అది తియ్యలేదన్నమాట” అంది. ఆ గొంతులో సంతోషంతో పాటు కాస్త నిరాశ కూడా ఉంది. అన్నేళ్ళు భద్రంగా పెంచుకున్న కోపం మరి.

నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. రాణీగారి ముక్కు, కిరీటం, జడ చెక్కు చెదరలేదు. నాణెం మీద అన్నేళ్ళ చీకటి నల్లగా, అంచుల్లో నెమలి మెడ రంగుతో పేరుకుని ఉంది. ఒక్కసారి పెద్దవాళ్ళకి చూపించి తెస్తానని బతిమాలితే, శ్రావణంలో వ్రతం నాటికి తెచ్చెయ్యాలని చేతిలో చెయ్యి వేయించుకుని ఇచ్చింది. ఆ వ్రతం మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందంటే, ఆ వారమంతా వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ ఈసారి మా నాన్న రూపాయి పెడుతున్నానని చెప్పుకుంది.

మాస్టారు పూటకి బదులు రెండు పూటలు చూశారు. పూర్వం ఎప్పుడో దీన్ని రుద్దారు, కానీ ఆ తరవాత ఎవరూ ముట్టుకోకపోవడంతో రంగు మళ్ళీ ఎక్కింది, ఈ రంగే దీని ప్రాణం అన్నారు. అట్ట మీద ఆయన పెద్దమాట ‘ఎక్స్‌ట్రా ఫైన్’ పడింది. నేను ధైర్యం చేసి, అట్ట చించకుండానే షావుకారి ముందు పెట్టాను. ఆయన విసుక్కుంటూనే తనే పిన్నులు ఊడదీసి, తూచి, మోగించి, కళ్ళు మూసుకున్నారు. తరవాత ఆయన చేసిన పని రాజమండ్రిలో ఎవరూ నమ్మలేదు. మాస్టారి అట్టని మళ్ళీ నాణేనికి తొడిగి, దాన్ని అట్టతో సహా తన కవరులో వేసి అతికించి, పైన ‘అక్కుళ్ళు’ అని రాశారు. వచ్చే ఆదివారం గోదావరి గట్టు మీద మా సేకరణదారుల కూటమికి కాకినాడ నుంచి, ఏలూరు నుంచి కూడా ఆ నాణెం చూడ్డానికి వస్తామని కబురొచ్చింది. ఆ రాత్రి రైల్లో కూర్చోకుండా నిలబడే ఇంటికొచ్చాను, జేబు నలుగుతుందని.

వ్రతానికి ముందురోజు కవరు నాయనమ్మకి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, దీన్ని ఎలా తియ్యాలని అడిగింది. తియ్యకూడదని, తీస్తే గ్రేడు పోతుందని చెప్పాను.

“అయితే ఈ సంచీలోనే కూర్చోబెట్టమంటావా? ఊపిరాడొద్దురా పాపం?” అంది.

బయటికి కనిపిస్తూనే ఉంటుందిగా అని సర్దిచెప్పాను. ఇంగ్లీషు గ్రేడు అర్థమూ, బియ్యం గ్రేడు అర్థమూ వివరించాను. శ్రద్ధగా విని తలూపింది. ఆ తలూపడాన్ని నేను ఒప్పుకోవడం అనుకున్నాను. (పెద్దవాళ్ళు తలూపేది మనం త్వరగా ముగించాలని. ఆ సంగతి తెలియడానికి నాకే మనవలు పుట్టాల్సి వచ్చేలా ఉంది.)

వ్రతం రోజు సాయంత్రం పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని పూజ దగ్గరికి వెళ్ళాను. కలశం ముందు, తమలపాకు మీద, కొత్త స్టీలు గ్లాసులా తళతళలాడుతూ రాణీగారు నవ్వుతున్నారు. పక్కన అడకత్తెర. దానితో కత్తిరించిన కవరూ, అట్టా మడిచి మూలన జాగ్రత్తగా పెట్టి ఉన్నాయి. కుంకుడు రసంలో నానబెట్టి, తెల్ల పళ్ళపొడి పెట్టి అరచేత్తో రుద్దిందట. నల్లదనం పోయింది, నెమలి రంగు పోయింది, నా ఆదివారం పోయింది. కేకలు వేద్దామని నోరు తెరిచాను. నాయనమ్మ నా వైపు తిరిగింది.

“మా నాన్న నా చేతిలో పెట్టినప్పుడు ఇలాగే మెరిసిందిరా,” అంది.

ఆ మొహంలో నేనెప్పుడూ చూడని పదహారేళ్ళ పిల్ల ఉంది. తెరిచిన నోట్లో మా అమ్మ పూర్ణంబూరె పెట్టింది. నమిలేశాను.

కబురు గోదావరి దాటడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆదివారం మాస్టారూ, షావుకారూ పరామర్శకి వచ్చారు. ఒకే రైల్లో, వేరు వేరు పెట్టెల్లో. పోయినవారి ఇంటికి వచ్చినట్టే చెప్పులు మెల్లగా విప్పి, గొంతు తగ్గించి, ఎలా జరిగిందని నన్ను అడిగారు. నాయనమ్మ వాళ్ళకి కుర్చీలు వేయించి, నానిన శనగలూ బూరెలూ పెట్టించి, రూపాయి తెచ్చి మాస్టారి చేతిలో పెట్టింది. మాస్టారు అలవాటుగా భూతద్దం కోసం జేబులో చెయ్యి పెట్టారు. “బాగుంది కదండీ?” అని ఆమె ఆశగా అడిగింది. ఆయన చెయ్యి జేబులోనే ఉండిపోయింది. “చాలా బాగుందండి” అని, రూపాయిని కళ్ళకద్దుకుని షావుకారికి అందించారు. ఒకరి చేతి నుంచి ఒకరు ఏదైనా తీసుకోవడం అదే మొదలనుకుంటాను. షావుకారు దాన్ని అరచేతిలో ఒక్కసారి ఎగరేసి, “అక్కుళ్ళేనండి” అన్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర మాస్టారు నా భుజం తట్టి, ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే ఎప్పటికో రంగు మళ్ళీ ఎక్కుతుంది, దిగులుపడకు అన్నారు.

నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ అది ఎక్కలేదు. ప్రతి శ్రావణంలోనూ కుంకుళ్ళు, పళ్ళపొడి, అరచెయ్యి. రాణీగారి జడ అరిగింది, ముక్కు అరిగింది, కిరీటం గుర్తుపట్టడం కష్టమైంది. నేను కూడా ఏటేటా కాస్త చొప్పున దిగులు తగ్గించుకుంటూ వచ్చాను.

ఆమె పోయాక రూపాయి నా దగ్గరికి వచ్చింది. బీరువాలో పెట్టి ఊరుకున్నాను. మొన్న శ్రావణంలో దేనికోసమో వెతుకుతుంటే చేతికి తగిలింది. నల్లబడింది. అంచుల్లో ఆ నెమలి మెడ రంగు కూడా వచ్చేసింది. మాస్టారు చెప్పింది నిజమే, ఎవరూ ముట్టుకోకపోతే ఎక్కుతుంది. ఒకప్పుడు ఆ రంగు కోసం అన్నం మానేసేవాణ్ణి. ఇప్పుడు చూస్తే ఏడుపొచ్చింది. నాయనమ్మ చెయ్యి తగలక ఎన్నాళ్ళయిందో అదంతా దాని మీద కనిపిస్తోంది.

కొట్టుకి వెళ్ళి పళ్ళపొడి అడిగితే, ఇంకా ఇది వాడుతున్నారా సార్ అని కొట్టతను నా పళ్ళ వైపు చూశాడు. ఇంటికొచ్చి కుంకుడు రసం తీసి, చిటికెడు పొడి వేసి, బొటనవేలితో రాణీగారి బుగ్గ మీద రుద్దాను. అరచేత్తో రుద్దడం నాకు చేతకాలేదు. బుగ్గ ఒక్కటే మెరిసింది, చుట్టూ నల్లగా అలాగే ఉంది. మాస్టారు చూస్తే భూతద్దం పక్కన పడేసేవారు, షావుకారు మోగించకుండానే తవుడు అనేవారు. అలాగే తీసుకెళ్ళి వ్రతం కలశం ముందు తమలపాకు మీద పెట్టాను. మా ఆవిడ చూసి, పూర్తిగా తోమొచ్చు కదండీ అంది. పై ఏడు తోముదాంలే అన్నాను.