నీలమ్మ సవతి

బోరబండ నీలమ్మకు ఒక సవతి ఉండేది. మాదాపూర్‌లో ఓ కంపెనీ కింది హాల్లో, ఏసీలో, అద్దాల తొట్టిలో ఉండేది. మూడడుగుల చేప. మొసలికున్నట్టు సాగిన మూతి, నోటినిండా పళ్లు. ఆ తొట్టి చూసుకోవడం నీలమ్మ మొగుడు రామచంద్రం పని.

మొదట్లో నవ్వులాటకే అంది. "ఏమయ్యా, ఎట్లున్నది నా సవతి?"

"మంచిగున్నదే. ఇయ్యాల నా చేతిలకెల్లి రొయ్య తిన్నది."

ఆమె వంట గురించి ఒక్క మాట అనని మనిషి, కంచం ముందు కూచుని దాని ముచ్చట ఎత్తితే ఆపేవాడు కాదు. డైనోసార్ల కాలం నుంచి ఆ జాతి పెద్దగా మారలేదట. పుట్టిల్లు అమెరికాలో, మెల్లగా పారే బురద నదులట. పొలుసులు కత్తి దిగనంత గట్టివట. గుడ్లు విషమట.

"విషమని నాకెప్పుడో ఎరుకే," అనేది నీలమ్మ.

నీళ్లలో ఊపిరి చాలక మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతుందట. 'గుబుక్' అని ఆ చప్పుడు చేసి చూపించేవాడు. ఆదివారం సెలవైనా సరే, దానికి ఆకలవుతుందని పోయేవాడు.

ఒక ఏడు మిరుగం నాడు, మృగశిర కార్తె మొదలని, బస్తీ అంతా చేపల కూర వాసన. నీలమ్మ కొర్రమీను పులుసు పెట్టింది. ఆయన ముట్టలేదు.

"దాని మూతి యాదికొస్తున్నదే."

"నాకు జరమొచ్చినప్పుడు ఒక్క పూటన్న పస్తున్నవా?" అని గిన్నె ఎత్తుకెళ్లి పక్కింటి వసంతకు ఇచ్చేసింది.

మొన్న చలికాలంలో గుండె పట్టేసి, దవాఖానకు చేరకముందే రామచంద్రం పోయాడు. కంపెనీలో ఉండిపోయిన ఆయన చెప్పులూ టిఫిను డబ్బా తెచ్చుకోవడానికి నీలమ్మ వెళ్లింది. సవతిని చూడడం అదే మొదలు.

కొత్తగా చేరిన సంతోష్ ఆ పొద్దున్నే తొట్టిని అంచుదాకా నింపి, చేప ఎగిరి దూకకుండా అద్దం మూత బిగించాడు. అది పైకొచ్చి మూతితో మూతను పొడుస్తోంది. దిగుతోంది, మళ్లీ పొడుస్తోంది.

"నన్ను చూసి ఖుషీ అయితున్నది పెద్దమ్మా," అన్నాడు.

ఖుషీ కాదని నీలమ్మకు తెలుసు. చూస్తూ నిలబడింది. ఎనిమిదేళ్ల ఆదివారాలు మింగింది కదా, ఇప్పుడు మింగమను గాలి. పోట్లు మెత్తబడ్డాయి. తను ఇంకాసేపు నోరు మూసుకుంటే చాలు.

"మూత తియ్," అంది.

"ఎందుకు?"

"ఊపిరాడక సస్తది."

సంతోష్ నవ్వాడు. "చేప నీళ్లల్ల మునిగి సస్తదా?"

"ఇది సస్తది. జానెడు నీళ్లు తియ్, పైన గాలి ఉండాలె. ఎనిమిదేండ్లు నా చెవుల పోరు పెట్టిండు బిడ్డా, తియ్!"

మూత లేచింది. చేప పైకొచ్చి గుబుక్‌మంది. అచ్చం ఆయన చేసినట్టే. నీలమ్మ తొట్టి అంచు పట్టుకుని, ఇంకోసారి అంటుందేమోనని చెవి ఒగ్గింది.

సంతోష్ రొయ్య అందించాడు. చేప కాస్త తేరుకుని, మెల్లగా వచ్చి అతని వేళ్ల మధ్యనుంచి అందుకుంది.

"నెలన్న కాలేదు," అంది నీలమ్మ, ఆయన చెప్పులు చంకలో పెట్టుకుంటూ. "అప్పుడే ఇంకోడి చేతిల తింటున్నవా? సిగ్గులేనిదానా!"