ఐదుగురికి ఆరు దెబ్బలు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మా ఇంట్లో ప్రార్థన ఉండేది, తాయెత్తులు ఉండేవి కావు. ఏడో తరగతితో బడి మానేసినా లెక్కల్ని మాత్రం వదల్లేదు. ఇనుప ముక్క పొడవూ మందమూ చూస్తే బరువెంతో నోటితో చెప్పేవాణ్ణి. ఏ సంగతైనా కూడికకో తీసివేతకో లొంగుతుందని నా ధీమా. ఇదొక్కటే లొంగలేదు.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. భద్రాచలం దగ్గర చర్ల అవతల అడవిలో కరెంటు లైను కోసం పెద్ద టవర్లు నిలబెడుతున్నాం. సెల్‌ఫోన్లు అక్కడ పనిచేసేవి కావు. మా ముఠాలో ఐదుగురు పైకెక్కేవాళ్లు. అందరికంటే పైన ఉండేది మా అక్క భర్త ఇస్సాకు బావ. కింద నేను ముక్కలకు తాడు కట్టి, బరువు చూసుకొని, చెయ్యెత్తి సైగ చేసేవాణ్ణి. ఆ సైగ చూసి ఖాజా భాయ్ ఇంజన్‌తో తాడు లాగేవాడు.

చలికాలం. పొద్దున చాలాసేపటి వరకు మంచు విడిచేది కాదు. టవర్ సగం నుంచి పైన ఏమీ కనపడేది కాదు, అంత ఎత్తు నుంచి అరిచినా మాట తెలిసేది కాదు. అందుకని మాకో పద్ధతి ఉండేది. బరువు లేపే ముందు నేను టవర్ కాలి మీద పానాతో ఒక దెబ్బ కొడతాను. పైవాళ్లు కింది నుంచి వరసగా తలో దెబ్బ కొట్టి జవాబిస్తారు. పక్కకు జరిగాను, ఇక లాగొచ్చు అని దాని అర్థం. చివరి దెబ్బ బావది. ఐదూ వినపడ్డాకే నేను చెయ్యెత్తాలి.

వాగు ఒడ్డున నిలబెట్టిన ఆ ఒక్క టవర్ దగ్గర ఆరు వినపడ్డాయి.

ఐదు వెంటవెంటనే వచ్చాయి. కాస్త ఆగి ఇంకొకటి. ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాను. అన్నాల దగ్గర అడిగితే బావ నవ్వాడు.

"లెక్కలెక్కువై నీ చెవులు మోగుతున్నయ్‌రా బామ్మర్దీ. మీ అక్కకు చెప్పి నూనె పోయిస్త తియ్."

"ఆరో మనిషికి గూడ కూలి రాయించు మాస్టర్, మనిద్దరం పంచుకుందాం" అన్నాడు ఖాజా భాయ్. లెక్కల వల్ల నన్ను మాస్టరనే పిలిచేవాడు.

నేను ఊరుకోలేదు. గుట్టకు తగిలి మోగుతుందేమోనని అందరినీ కిందికి దింపి నేనొక్కణ్ణే కొట్టి చూశాను. జవాబు రాలేదు. మర్నాడు ఖాజా భాయ్‌ని లెక్కపెట్టమన్నాను. "అవ్, ఆరే" అన్నాడు, ఈసారి నవ్వకుండా. ఇంకోసారి మంచు లేనప్పుడు కింద నిలబడి చూశాను. ఒక్కొక్కరు పానా ఎత్తి కొట్టడం కనపడింది. ఐదు పానాలూ కొట్టి ఆగాయి. ఆ తర్వాత ఆరో దెబ్బ వచ్చింది. నా చెయ్యి టవర్ కాలి మీదే ఉంది. ఇనుము అదిరింది.

ఖాజా భాయ్ అప్పుడు ఒక మాటన్నాడు. "తక్కువైతే గదా మాస్టర్ బుగులు. ఎక్కువైతే మనకేంది?"

అది నాకూ సబబుగానే తోచింది. ఆ తర్వాత ఆరు వినపడ్డాక చెయ్యెత్తడం మొదలుపెట్టాను. భయం కలగలేదు. అసలు ఏమీ కలగలేదు. టవర్ మీద ఎండకు ఇనుము కాలడం ఎలా అలవాటైందో అదీ అలాగే అలవాటైంది.

ఒకనాడు పొద్దున బావ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ అడవిలో మలేరియా రానివాడు లేడు. ఇవాళ ఎక్కొద్దన్నాను.

"ఒళ్లు జర వెచ్చగుంది, అంతే. గోలీ ఏసుకున్న. నువ్వు మీ అక్క లెక్క సతాయించకు" అని ఎక్కేశాడు. మంచులోకి వెళ్లేదాకా ఆయన చెప్పులు చూస్తూనే ఉన్నాను.

ఆ రోజు లేపాల్సింది తీగలు మోసే ఇనుప చెయ్యి. కిందే పూర్తిగా బిగించాం. టన్నుకు కొంచెం తక్కువ ఉంటుంది. అది సరిగ్గా బావ నిలబడే చోటును ఆనుకుని పైకి పోవాలి. ఆయన పక్కకు జరగకపోతే మనిషి దక్కడు.

నేను దెబ్బ కొట్టాను. నాలుగు వెంటవెంటనే వచ్చాయి. కాస్త ఆగి ఐదోది.

ఐదు. ఆ టవర్ దగ్గర మొదటిసారి లెక్క సరిపోయింది. ఖాజా భాయ్ నా చేతి కోసం చూస్తున్నాడు. చెయ్యి లేవలేదు.

"ఏంది మాస్టర్, ఐదొచ్చినయ్ గదా. లాగాల్నా?"

"లాగకు భాయ్. నిన్న ఆరు, ఇయ్యాల ఐదు. ఒకటి తగ్గింది."

"అరే, బరాబర్ వచ్చిననాడు ఆపుతవేంది?"

"ఆగి వచ్చింది మనోళ్లది కాదు. బావ కొట్టలే."

ఖాజా భాయ్ నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అయినా ఇంజన్ ఆపేశాడు. పోయి బావను చూడమని, మాట ఒకరి నుంచి ఒకరికి పైకి అందించమని, అందరికంటే కిందున్నవాడికి కేకేశాను. రెండు మూడుసార్లు అరిస్తేగానీ వాళ్లకు అర్థం కాలేదు. తర్వాత అదే వరసలో కబురు కిందికి వచ్చింది. "ఇస్సాకన్న సోయి తప్పిండు! బెల్టుకు ఏలాడుతుండు!"

ముక్కకు కట్టిన తాడు విప్పి, దాంతోనే బావను దింపాం. ఒళ్లు కాలిపోతోంది. ఆయన పానా సంచిలోనే ఉంది, సంచి మూతికి పట్టీ బిగించే ఉంది. అది నేనే విప్పాను. మిగతా నలుగురినీ విడివిడిగా అడిగాను. ప్రతివాడూ ఒక్క దెబ్బే కొట్టానన్నాడు. ఆగి వచ్చింది బావదే అనుకున్నామన్నారు.

జీపులో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతుంటే బావ తల నా ఒళ్లో ఉంది. ఏడవాలని తెలుసు. నేను ఐదులోంచి నాలుగు తీసేస్తూ కూర్చున్నాను.

జ్వరం మెదడుకెక్కిందన్నారు. బతికాడు. చేతుల్లో వణుకు మాత్రం మిగిలింది, మళ్లీ టవరెక్కలేదు. ఇప్పుడు ఖమ్మంలో గేట్లు చేసే షాపులో కూర్చుంటాడు. ఆ పొద్దున సంగతి ఒక్కసారే అడిగాను. బెల్టు తగిలించుకోవడం వరకే గుర్తుందన్నాడు. "పానా తియ్యనే లేదురా" అన్నాడు.

బావ దవాఖానాలో ఉండగానే మేం ఆ టవర్ ముగించాం. నలుగురే ఎక్కారు. నేను కొట్టాను. నాలుగే వచ్చాయి. ఇంకొకటి వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఖాజా భాయ్ కూడా చెవి పెట్టి ఉన్నాడు. ఆ రోజు మాట ఒకరి నుంచి ఒకరికి అందించి, నలుగురినీ పేరు పేరునా పిలిచి, పలికించుకున్నాకే చెయ్యెత్తాను. ఇప్పటికీ అంతే. లెక్క సరిపోయిందని ఎవరైనా అంటే మళ్లీ పేర్లు పిలుస్తాను. కుర్రవాళ్లు నవ్వుకుంటారు.

రోజూ ఆ ఒక్క దెబ్బ వినపడబట్టే, ఆనాడు ఒకటి తగ్గిందని నాకు తెలిసింది. ఆనాడు అదే దెబ్బ బావ దెబ్బ చోట నిలబడి లెక్క సరిచేసింది. నేను చెయ్యెత్తి ఉంటే బావ లేడు. అది ఆయన్ని కాచిందో, తీసుకుపోబోయిందో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. దాన్ని కలపాలో తీసేయాలో నాకు తెలియదు.