ఇటుక రంగు లిప్‌స్టిక్

కంటి ఆపరేషన్ అయ్యాక నాకు మొదట స్పష్టంగా కనపడినవి గోదావరిఖనిలో మేముండే కంపెనీ క్వార్టర్ గోడ మీది పగుళ్ళు. ఆ తర్వాత నా ముఖం.

అంతకు ముందు రెండు మూడేళ్ళుగా అద్దంలో నాకు కనపడేది ఒక మసక ఆకారమే. దాని మీద నాకు గుర్తున్న పాత ముఖాన్ని నేనే అతికించుకునేదాన్ని. కంటి మీది పట్టీ విప్పిన మర్నాడు పొద్దున చేతులు కడుక్కుంటూ తలెత్తితే ఎదురుగా ఎవరో ముసలామె నిలబడి ఉంది. ముడతలు చూసి నేను బాధపడలేదు. అరవై నాలుగేళ్ళకు ముడతలు రాక ఏమొస్తాయి? నన్ను పట్టి నిలబెట్టింది వేరే. కనుబొమలు లేవు. పెదవులకూ చెంపలకూ తేడా లేదు, అంతా ఒకటే రంగు. ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి పిల్లలకు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినదాన్ని. డస్టరుతో తుడిచాక నల్లబల్ల మీద మిగిలే బూడిద మరక నాకు బాగా తెలుసు. నా ముఖం అలా ఉంది.

"ఏం చూస్తున్నవ్ అత్తమ్మా గంతసేపటి సంది?" అని కోడలు అడిగింది.

"నా కనుబొమ్మలు ఏడవోయినయా అని చూస్తున్న."

కోడలు నవ్వింది. "వయసైనంక ఎవలకైన గంతే గదా అత్తమ్మా."

ఆమె మంచిదే. కాని ఆ 'గంతే' నాకు ముల్లులా గుచ్చుకుంది. గంతే ఎందుకవ్వాలి?

మా ఆయన బాయిలో పనిచేశాడు. బొగ్గు గనిని మా వైపు బాయి అనే అంటారు. రిటైరయిన కొన్నేళ్ళకు ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. పదో రోజున మా పెద్ద ఆడబిడ్డ, అంటే ఆయన అక్క, తన కొంగుతో నా నుదుటి బొట్టు తుడిచింది. ఆ రోజు నేను కాదనలేదు. మనిషే పోయినప్పుడు బొట్టు ఉంటే ఎంత, పోతే ఎంత అనిపించింది. ఏడాది గడిచాక సంగతి అర్థమైంది. బొట్టుతో పాటు నేను కూడా ఎక్కడో తుడుచుకుపోయాను. పెళ్ళికి పోతే వెనక వరస కుర్చీ. గృహప్రవేశానికి పోతే వంటవాళ్ళ పక్కన ఒక స్టూలు. పొమ్మని ఎవరూ చెప్పేవారు కాదు. నా కాళ్ళే అటు నడిచేవి.

డాక్టరు చెప్పిన గడువు పూర్తయ్యాక ఒక సాయంత్రం చౌరస్తా దగ్గరి ఫ్యాన్సీ షాపుకు పోయాను. గాజులు, రబ్బర్ బ్యాండ్లు, క్లిప్పులు నేల నుంచి కప్పు దాకా వేలాడుతున్నాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నడివయసామె నన్ను చూసి లేచింది.

"ఏం గావాలె పెద్దమ్మా?"

"లిప్‌స్టిక్. కనుబొమ్మలు దిద్దే పెన్సిల్."

"ఎవలకు? కోడలికా, మనుమరాలికా?"

"నాకే."

ఆమె నా నుదురు చూసింది. బొట్టు లేని నుదురు. చూపు కిందికి దించుకుని, "మీ వయసుకు గివి ఏం సూట్ అయితయ్ పెద్దమ్మా, పౌడర్ డబ్బా తీస్కపోండ్రి" అంది.

"వయసుకు ఎవలు పూస్తరమ్మా? మొఖానికి పూస్తరు. నా మొఖానికి ఏది నప్పుతదో గది చూపెట్టు."

ఆమె అద్దాల పెట్టె తెరిచి చవక రకాలన్నీ బయటికి తీసింది. ఎర్రవి, గులాబీవి నా మణికట్టు మీద గీసి, తానే తల అడ్డంగా ఊపింది. చివరికి ఇటుక రంగు ఒకటి గీసినప్పుడు ఇద్దరం ఒకేసారి "ఇది" అన్నాం. దానితో పాటు ముదురు గోధుమ రంగు పెన్సిలూ, ఒక అట్ట బొట్టుబిళ్ళలూ తీసుకున్నాను. బిళ్ళల అట్టను ఆమె తానే నా సంచిలో వేసింది.

మొదటి రోజు నా ముఖం బొమ్మల కొలువులో కింద పడ్డ బొమ్మలా తయారైంది. పొడి చర్మం మీద పౌడరు అద్దితే ముడతల్లోకి దిగి తెల్లటి గీతలుగా నిలిచింది. కనుబొమలు రెండు నల్లటి కమ్మీలయ్యాయి. లిప్‌స్టిక్ పెదవుల చుట్టూ ఉన్న సన్నటి గీతల్లోకి పాకింది. కడుక్కుందామని లేచేసరికి పక్క క్వార్టర్ ఆవిడ పెరుగు తోడుకోసం లోపలికి వచ్చేసింది.

ఆవిడది భీమవరం వైపు. ఎప్పుడో కంపెనీ ఉద్యోగానికి వచ్చిన భర్తతో ఇక్కడికొచ్చి, ఇక్కడే స్థిరపడి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటోంది. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నన్ను చూసి నవ్వుతుందనుకున్నాను. గిన్నె పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అదేంటండీ, గోడకి సున్నం కొట్టినట్టు కొట్టేశారు? ఏదీ, ఇటు తిరగండి."

ఆ మధ్యాహ్నం ఆవిడ నా ముఖమంతా తుడిచి మళ్ళీ మొదలుపెట్టింది. ముందు ఒక్క చుక్క కొబ్బరినూనె అరచేతుల్లో రాసి ముఖానికి అద్ది, అది ఇంకే దాకా ఇద్దరం టీ తాగాం. పౌడరు చేత్తో రుద్దకుండా మెత్తటి గుడ్డతో ముక్కు మీద, గడ్డం మీద మాత్రం అద్దింది. కళ్ళ కింద అసలు వద్దంది. కనుబొమల దగ్గర ఒక్క గీత లాగకుండా వెంట్రుకంత వెంట్రుకంత చిన్న గీతలు గీయించింది. లిప్‌స్టిక్ నేరుగా పూయకుండా వేలితో తీసి పెదవి మధ్యలో అద్ది అంచులకు చెదరగొట్టింది. వేలికి మిగిలినదాన్ని నా చెంపల మీద రాసింది.

"మా అమ్మ నాటకాల వాళ్ళకి ముఖాలు దిద్దేది. పెద్దవాళ్ళకి తక్కువ పూస్తేనే ఎక్కువ కనపడుతుందనేదండీ" అంటూ అద్దం నా చేతికిచ్చింది.

అద్దంలో ఉన్నది ముసలామే. కాని ఈసారి ఆమె ఎవరో నాకు తెలిసింది. ఎవరి అనుమతీ అడగకుండా బొట్టుబిళ్ళ తీసి నేనే పెట్టుకున్నాను. ఆవిడ కొంచెం ఆగి, ముందుకు వంగి, పక్కకు జరిగిన బిళ్ళను వేలితో సరిచేసింది.

ఇంట్లో కొన్నాళ్ళు అంతా పక్కచూపులే. బాయి డ్యూటీ నుంచి వచ్చిన కొడుకు నన్ను చూసి టీవీ వైపు తిరిగేవాడు. కోడలు చూసీ చూడనట్టు ఉండేది. అసలు గొడవ మందమర్రి పెళ్ళి దగ్గర వచ్చింది.

అది మా ఆడబిడ్డ మనవడి పెళ్ళి. పొద్దున్నే తయారై, ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, తీరిగ్గా ముఖం దిద్దుకుని బయటికి వచ్చాను. కొడుకు కారు తాళం చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

"అమ్మా, గిట్లనే వస్తవా?"

"గిట్లనే వస్త."

"ఇంట్ల పెట్టుకుంటే నేనేమన్న అన్ననా? నలుగురిల నవ్వుతరే. మన ఇజ్జత్ ఏంగావాలె? జర కడుక్కోరాదే."

"మీ నాయిన షిఫ్టు దిగి వచ్చి ఎంత తోముకున్నా కనురెప్పలల్ల బొగ్గు పోకపోతుండె. కాటుక పెట్టుకున్నట్టే ఉంటుండె కండ్లు. గా కండ్లతోటే పెండ్లిండ్లకు తిరిగిండు, మీటింగులకు తిరిగిండు. ఎవలన్న నవ్విన్రా?"

"గది బొగ్గు గదా అమ్మా!"

"ఇది రంగు. నా మొఖం, నా రంగు. నవ్వేటోళ్ళు నవ్వనియ్యి, నోట్ల పండ్లన్న కనవడతయ్."

కోడలు గబుక్కున ముఖం తిప్పుకుని కారెక్కింది. ఆమె భుజాలు కదలడం నేను చూశాను. మందమర్రి దాకా కొడుకు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర పన్నీరు చల్లే ఆడపిల్లలు నా మీదా చల్లారు. ఇంకో పది అడుగుల్లో మా ఆడబిడ్డ ఎదురైంది. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా నడుస్తుంది. నుదురు ఖాళీ, మెడ ఖాళీ, బూడిద రంగు నూలు చీర. మనవడి పెళ్ళి రోజు కూడా అదే చీర. నా చేయి పట్టుకుని స్తంభం పక్కకు లాగింది.

"ఏందే గీ ఏషం? నా తమ్ముడు సచ్చి ఎన్నేండ్లయిందని? సిగ్గు శరం లేదా నీకు?"

"ఏం తప్పు చేసిన వదినె?"

"మూతికి రంగు, నొసటికి బొట్టు! పిల్లకు పిలగానికి మంచి జరగాల్నా వద్దా? పోయి నల్లా నీళ్ళ కాడ కడుక్కో. లేకుంటే మండపం దిక్కు రాకు."

చుట్టూ నలుగురు ఆగిపోయారు. ఆ క్షణంలో నాకు వెనక వరస కుర్చీలు కనపడ్డాయి. పోయి కూర్చుంటే గొడవ లేదు. నా కాళ్ళకు ఆ దారి బాగా తెలుసు కూడా.

"కడుక్కోను వదినె."

"ఏమన్నవ్?"

"కడుక్కోను. పిలిచినవ్, వచ్చిన. అక్షింతలేస్త, బువ్వ తింట, పోత. నా నొసటి మీది బిళ్ళకు వాళ్ళ సంసారం చెడేటట్టుంటే అది గట్టి సంసారం కాదు."

ఆమె పట్టు బిగిసింది. గొంతు మాత్రం తగ్గింది.

"నాకు ముప్పై నాలుగేండ్లకే బొట్టు తీసిన్రు. ముగ్గురు పిల్లగాండ్లతోని ఉన్న. ఒక్క పువ్వు పెట్టలే, ఒక్క రంగు చీర కట్టలే. నేనుండలేదా? నీకేం వచ్చె?"

అన్నేళ్ళలో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. నాకు కోపం పోయింది గాని, పట్టుదల పోలేదు.

"ఉన్నవ్ వదినె. నీ అంత గట్టిగ ఎవలూ ఉండలేరు. కానీ గట్ల ఎందుకుండాల్నో ఎవ్వలన్న చెప్పిన్రా నీకు?"

ఆమె నా చేయి వదిలి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మండపం వైపు కాకుండా వంటల వైపు వెళ్ళిపోయింది.

నేను ముందు వరసలో కూర్చున్నాను. నా పక్క కుర్చీలు రెండు చాలాసేపు ఖాళీగానే ఉన్నాయి. అప్పుడు నా కొడుకు వచ్చి ఒకదాంట్లో కూర్చున్నాడు. నా వైపు చూడలేదు, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. కాని లేవలేదు. జీలకర్ర బెల్లం అయ్యాక మెట్లెక్కి అక్షింతలు వేశాను.

భోజనాల తర్వాత పెళ్ళికొడుకు అమ్మమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె భర్త బతికే ఉన్నాడు. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టుంది. అటూ ఇటూ చూసి చెవిలో అడిగింది.

"బిడ్డా, గా మూతి రంగు నీ సంచిల ఉన్నదా? పొద్దుగాల పార్లర్ పిల్ల అందరికి పూసింది. నేను కూసుంటే 'అవ్వా, నీకెందుకు' అని లేపింది."

పెళ్ళికూతురు బట్టలు మార్చుకునే గదిలో కూలర్ పక్కన ఆమెను కూర్చోబెట్టాను. నూనె లేదు, చెమటే సరిపోయింది. కనుబొమలు దిద్ది, వేలితో పెదవులకూ చెంపలకూ రంగు అద్దాను. అద్దం చూసుకుని ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మా ముసలోడు జడుసుకుంటడు."

"జడుసుకోనియ్యి."

ఆమె కొంగు తీసేసి, తల ఎత్తుకుని నేరుగా వీడియో తీస్తున్న చోటికి పోయింది. నా దగ్గరికి మరో ఇద్దరు వచ్చారు. ఇంకొందరు గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, మూతి విరుచుకుని పోయారు.

మా ఆడబిడ్డ ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. పండక్కి ఫోన్ చేస్తే వాళ్ళ కోడలు ఎత్తి, "అత్తమ్మ పండుకున్నది" అంటుంది. నాకు బాధ లేదని అబద్ధం చెప్పను. మా ఆయన పోయిన రోజు నన్ను ఒడిలో పడుకోబెట్టుకున్న మనిషి ఆమె. అయినా ఆమె మాట్లాడాలంటే నేను ముఖం కడుక్కోవాలన్న షరతుకు మాత్రం ఒప్పుకోను. ఒకసారి నేనే మందమర్రి పోయాను, ఇదే ముఖంతో. వాకిట్లో కూర్చున్నది లేచి లోపలికి పోయింది. కాసేపటికి మనవడితో మంచినీళ్ళు పంపింది. తాగి వచ్చాను. మళ్ళీ పోతాను.

ఇప్పుడు మధ్యాహ్నాలు మా వరండాలో నలుగురైదుగురం కూర్చుంటాం. భీమవరం ఆవిడే మాకు పెద్ద. ఒకామె కొడుకు వచ్చి అందరి ముందూ తల్లిని చేయి పట్టి లేపుకుపోయాడు. ఆమె వారం తర్వాత వెనక గల్లీ నుంచి వచ్చి కూర్చుంది. ఎవరైనా "ముసలితనంలో సోకులా" అంటే భీమవరం ఆవిడ, "వయసులో తీరిక లేకపోయిందండీ" అని నెమ్మదిగా జవాబిస్తుంది.

మొన్న పింఛను పనికి పోయాను. బతికే ఉన్నామని ఏటా ముఖం చూపించాలి. ఇప్పుడు ఫోన్ కెమెరా ముందు కూర్చోబెట్టి గుర్తు పడుతున్నారు. నెట్ సెంటర్ అతను నన్ను చూసి నీళ్ళు నమిలాడు.

"అమ్మా, గా రంగు గిట్ల తుడుచుకోండ్రి. మిషిన్ పట్టది. రికార్డుల మీరు వేరే తీరున్నరు."

"నువ్వు పెట్టి చూడు."

"పట్టకుంటే మళ్ళ లైన్ల నిలవడాలె."

"నిలవడత."

అతను నిట్టూర్చి ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. నేను కొంగు సర్దుకుని, గడ్డం ఎత్తి, కెమెరా వైపు చూశాను. తెర మీద గుండ్రటి గీత తిరిగి, తిరిగి, ఆకుపచ్చగా మారింది. అతను ఫోన్ దించి నా వైపు చూశాడు.

"పట్టింది" అన్నాడు.

"ఎందుకు పట్టది? నేనే గదా" అని సంచి తీసుకుని లేచాను.